పాట ఆగాక మొదలయ్యే డ్యూటీ

2024 జులై 24. జర్మనీలోని హాంబర్గ్‌లో టేలర్ స్విఫ్ట్ ‘ఎరాస్ టూర్’ రెండో రోజు షో అయిపోయింది. బొంగురుపోయిన గొంతులతో, చేతికి కట్టుకున్న లైటు పట్టీలతో జనం రైలు స్టేషన్ల వైపు నడుస్తున్నారు. స్టేడియంలో కొందరికి మాత్రం అసలు పని అప్పుడే మొదలైంది. ఎందుకంటే జులై 27 సాయంత్రం ఇదే షో మ్యూనిక్‌లో ఉంది. రెండు ఊళ్ల మధ్య దూరం ఎనిమిది వందల కిలోమీటర్లకు దగ్గర. చేతిలో ఉన్నవి రెండే పూర్తి రోజులు. ఈలోగా స్పీకర్లు, స్క్రీన్లు, లైట్లు, లిఫ్టులు, కిలోమీటర్ల కొద్దీ కేబుళ్లు అన్నీ విప్పాలి, సర్దాలి, తరలించాలి, మళ్లీ బిగించాలి. పెళ్లి పందిరి విప్పి పక్క ఊళ్లో వెయ్యడానికే మన టెంట్‌హౌస్ వాళ్లకు ఒక పూట పడుతుంది కదా!

2023 మార్చి 17న అమెరికాలోని గ్లెండేల్‌లో మొదలైన ఈ టూర్ 2024 డిసెంబర్ 8న కెనడాలోని వాంకూవర్‌లో ముగిసింది. 51 నగరాలు, 149 షోలు, కోటికి పైగా ప్రేక్షకులు, సుమారు 207 కోట్ల డాలర్ల టికెట్ వసూళ్లు. ప్రతి షో మూడు గంటలకు పైనే. సియాటిల్‌లో 2023 జులైలో జనం గెంతులకు, స్పీకర్ల మోతకు దగ్గర్లోని భూకంప నమోదు యంత్రం 2.3 తీవ్రతతో సమానమైన కదలికలు చూపించింది. టేలర్ స్విఫ్ట్ పాటల గురించి నాకంటే మీ ఇంట్లో ఇంటర్ చదువుతున్న చెల్లెలికే ఎక్కువ తెలిసుంటుంది. నేను చెప్పబోయేది ఆమె కాళ్ల కింద ఉన్న వేదిక గురించి, దాన్ని ఊరూరా నిలబెట్టినవాళ్ల గురించి. ఎందుకంటే బీటెక్ చేతిలో పెట్టుకుని ‘కోడింగ్ తప్ప ఇంకేం లేదా?’ అని అడిగేవాళ్లకు ఇక్కడ చాలా ఉంది. అయితే ఇది ఫొటోల్లో కనిపించేంత తళుకుల ఉద్యోగం కాదు. అదీ చెప్తాను.

ఒకటి మోగుతుంటే ఇంకొకటి లేస్తుంది

రెండు రోజుల్లో అంత పని ఎలా అవుతుంది? కొంత జవాబు యూ2 బ్యాండ్ 2009 నుంచి 2011 వరకు చేసిన ‘360°’ టూర్‌లో దొరుకుతుంది. వేదిక మీద నాలుగు కాళ్ల ఉక్కు నిర్మాణం, ఎత్తు సుమారు 50 మీటర్లు. చూడ్డానికి పీత గోరులా ఉంటుందని ‘క్లా’ అనేవాళ్లు. దాన్ని విప్పి బిగించడానికే రోజులు పడుతుంది. అందుకే అలాంటివి మూడు తయారుచేశారు. ఒక ఊళ్లో షో నడుస్తుంటే తర్వాతి ఊళ్లో రెండోది లేస్తుంటుంది, అంతకుముందు ఊరిది విప్పి లారీల్లోకి ఎక్కుతుంటుంది. ఖరీదైన స్క్రీన్, సౌండ్, లైట్లు మాత్రం షోతో పాటే తిరుగుతాయి. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ సబ్జెక్టులో మీరు పైప్‌లైనింగ్ చదివే ఉంటారు. అచ్చం అదే, కాకపోతే ఇక్కడ ఇన్‌స్ట్రక్షన్ల బదులు ఉక్కు కమ్ములు. స్టేడియం స్థాయి టూర్లు చాలావాటిలో ఏదో ఒక రూపంలో ఈ పద్ధతి ఉంటుంది.

లారీ ఎక్కించడం కూడా ఒక లెక్కే. ఏ పెట్టె ముందు దిగాలో అది చివర ఎక్కాలి. డేటా స్ట్రక్చర్స్‌లో స్టాక్ గుర్తుందా? చివర వచ్చింది ముందు బయటికి. కొత్త ఊళ్లో తెల్లవారుజామున మొదట కావలసింది నేల మీద కొలతల గుర్తులు పెట్టేవాళ్ల సామాను, గొలుసు మోటార్లు. అవి లారీ అడుగున ఇరుక్కుంటే స్థానికంగా తీసుకున్న వంద మంది కూలీలు ఊరికే నిలబడి ఉంటారు. మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అమెరికాలో ఎరాస్ టూర్ మొదటి విడత ముగిసేటప్పుడు లారీ డ్రైవర్లకు ఒక్కొక్కరికి లక్ష డాలర్ల బోనస్ ఇచ్చారని వార్తలొచ్చాయి. ఈ పరిశ్రమలో మామూలుగా ఇచ్చేదాంతో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఊరికే ఇవ్వలేదు. లారీ నాలుగు గంటలు ఆలస్యమైతే 70 వేల మంది గేటు బయట ఉంటారు.

ఇక్కడ ఒక ఊరి పేరు చెప్పాలి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లిటిట్జ్ అని ఒకటుంది. జనాభా పది వేల లోపే. 1966లో ఆ ఊరి అన్నదమ్ములు ఇద్దరు దగ్గర్లోని కాలేజీలో జరిగిన ఒక కచేరీకి తమ సౌండ్ పెట్టెలు అద్దెకిచ్చారు. ఆ గాయకుడికి సౌండ్ నచ్చి, మాతో టూర్‌కి రమ్మన్నాడు. అలా ఎదిగిన క్లెయిర్ సంస్థ ఇవాళ ప్రపంచంలో పెద్ద సౌండ్ కంపెనీల్లో ఒకటి. తర్వాత మైకేల్ టెయిట్ అనే ఆస్ట్రేలియన్ లైటింగ్ నిపుణుడు అక్కడే వేదికలు తయారుచేసే కంపెనీ పెట్టాడు. ఎరాస్ వేదిక పని చేసిందీ ఆ టెయిట్ సంస్థే. 2014లో ఆ ఊళ్లో షో మొత్తాన్ని అసలు సైజులో నిలబెట్టి రిహార్సల్ చేసుకునే భారీ స్టూడియో వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు వెళ్తేనే కెరీర్ అనుకునే మనకు పది వేల మంది ఉన్న ఊరు ప్రపంచ టూర్లకు వర్క్‌షాప్ అయిందంటే కొంచెం వింతగానే ఉంటుంది.

ఫస్టియర్ మెకానిక్స్, నలభై అడుగుల ఎత్తులో

టూర్‌లో అందరికంటే ముందు స్టేడియంలో అడుగుపెట్టేవాళ్లలో రిగ్గర్లు ఉంటారు. లైట్లు, స్పీకర్లు, స్క్రీన్లు పైన వేలాడేది వీళ్ల లెక్క మీదే. ఇండోర్ అరేనా అయితే పైకప్పు దూలాలకు వేలాడదీస్తారు. పైకప్పు లేని స్టేడియంలో దూలం కూడా మనమే కట్టుకోవాలి. ఎత్తడానికి వాడే గొలుసు మోటారు తమాషాగా ఉంటుంది. అది పైన కూర్చుని బరువును లాగదు. గొలుసు కొస పైన తగిలిస్తే, మోటారే ఆ గొలుసు పట్టుకుని బరువుతో సహా పైకి పాకుతుంది.

ఇప్పుడొక లెక్క. వెయ్యి కిలోల బరువు వేలాడదీయాలి. దానికి నేరుగా పైన దూలం లేదు. అటొకటి, ఇటొకటి ఉన్నాయి. రెండిటి నుంచి రెండు స్టీలు తాళ్లు దించి మధ్యలో కలిపి, అక్కడ బరువు తగిలిస్తారు. ఒక్కో తాడు మీద ఎంత భారం? ‘సగం సగం, 500 కిలోలు’ అంటే మీరు ఫెయిల్. తాళ్లు నిట్టనిలువు గీత నుంచి 60 డిగ్రీలు పక్కకు వాలి ఉంటే, ఒక్కో తాడు మీద పడేది పూర్తి వెయ్యి కిలోలు. 75 డిగ్రీలు వాలితే దాదాపు 1,930 కిలోలు! బరువు పెరగలేదు, కోణం మారిందంతే. ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో లామీ సిద్ధాంతం కింద మనం బట్టీపట్టి మర్చిపోయింది ఇదే. పరీక్షలో కోణం తప్పేస్తే రెండు మార్కులు పోతాయి. ఇక్కడ కింద డ్యాన్సర్లు ఉంటారు.

ఆ తేడా ఊహ కాదు. 2009 జులైలో ఫ్రాన్స్‌లోని మార్సేలో మడోనా కచేరీ కోసం వేదిక కడుతుండగా పైకప్పు కూలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. 2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో కచేరీ మొదలయ్యే ముందు ఈదురుగాలికి వేదిక కప్పు జనం మీద పడింది. ఏడుగురు చనిపోయారు. తర్వాత జరిగిన విచారణలో రెండు విషయాలు తేలాయి. ఒకటి, కప్పు పడిపోకుండా లాగి కట్టిన తాళ్ల కింద లంగరుగా పెట్టిన కాంక్రీట్ దిమ్మెలు ఆ గాలికి సరిపోవు, అవి జరిగిపోయాయి. రెండోది నన్ను ఎక్కువ భయపెట్టింది. వాతావరణం పాడవుతోందని అక్కడ చాలామందికి తెలుసు. కానీ షో ఆపండి అని చెప్పే అధికారం ఎవరిదో స్పష్టంగా లేదు.

ఈ రెండో విషయాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

శబ్దాన్ని కాసేపు ఆపి పంపడం

ఈసీఈ వాళ్లకు ఇష్టమైన భాగం ఇది. 20 డిగ్రీల వేడి దగ్గర గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదికకు 120 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకు పాట చేరడానికి 0.35 సెకను పడుతుంది. అంత దూరం పోయేసరికి శబ్దం పలచబడుతుంది కాబట్టి మధ్యలో, 80 మీటర్ల దగ్గర, ఒక టవర్ కట్టి ఇంకొన్ని స్పీకర్లు పెడతారు. చిక్కు అక్కడే వస్తుంది. కేబుల్లో సిగ్నల్ టవర్‌కి క్షణంలో చేరుతుంది. వేదిక నుంచి గాలిలో వచ్చే శబ్దం మాత్రం తాపీగా వస్తుంది. అలాగే వదిలేస్తే వెనకవాళ్లకు ఒకే మాట రెండుసార్లు వినబడుతుంది. జాతరలో వీధి పొడవునా మైకులు కట్టినప్పుడు ‘హలో.. లో.. లో’ అని వస్తుంది చూడండి, అదీ సంగతి.

అందుకని టవర్‌కి వెళ్లే సిగ్నల్‌ను కావాలనే 233 మిల్లీసెకన్లు ఆపి పంపుతారు. అంటే 80ని 343తో భాగించడమే. దాని మీద ఇంకో పది, పదిహేను మిల్లీసెకన్లు కలుపుతారు. ఎందుకంటే మన చెవి ముందుగా వచ్చిన శబ్దం ఎటునుంచి వచ్చిందో, పాటంతా అటునుంచే వస్తోందని నమ్ముతుంది. వెనక టవర్ స్పీకర్ ఎంత మోగుతున్నా గాయని వేదిక మీదే పాడుతున్నట్టు అనిపిస్తుంది. దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. సాయంత్రం 35 డిగ్రీలున్న గాలి రాత్రికి 25కి చల్లబడితే ఆ 80 మీటర్ల లెక్క ఇంకో నాలుగు మిల్లీసెకన్లు మారుతుంది. సిస్టమ్ ఇంజినీర్ చేతిలో టాబ్లెట్ పట్టుకుని షో మధ్యలో స్టేడియం అంతా తిరుగుతూ కనిపించేది అందుకే. పాట వినడానికి కాదు.

వేదికకు రెండు పక్కలా అరటి గెలల్లా వేలాడే స్పీకర్ల వరసను లైన్ అర్రే అంటారు. క్రిస్టియన్ హెయిల్ అనే ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త 1992లో తెచ్చిన వ్యవస్థతో ఇది టూర్లలో పాతుకుపోయింది. మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇలా నిలువు వరసగా కడితే, కొంత దూరం వరకు, 3 మాత్రమే తగ్గుతుంది. ముందు వరసవాళ్ల చెవులు పగలకుండానే వెనకవాళ్లకు వినిపించే కిటుకు అదే.

కరెంటు గురించి ఒక సొంత అనుభవం చెప్పాలి. మా కాలేజీ ఫెస్ట్‌లో గిటార్ పట్టుకుని పాడుతున్న కుర్రాడి పెదవి మైకుకి తగలగానే షాక్ కొట్టింది. గిటార్ యాంప్లిఫయర్‌కి కరెంటు హాస్టల్ లైన్ నుంచి లాగాం, మిక్సర్‌కి జనరేటర్ నుంచి. రెండిటికీ కలిపి ఒకే ఎర్తింగ్ లేదు. గిటార్ తీగకీ మైకుకీ మధ్య వోల్టేజీ తేడా, ఆ తేడాకి దారి మన గాయకుడు. ఏమీ కాలేదు, అదృష్టం. ఆ ఏర్పాట్లు చూసిన కమిటీలో నేనూ ఉన్నాను. అప్పటికే రెండు సెమిస్టర్లు ఎలక్ట్రికల్ చదివి ఉన్నాను కూడా. పెద్ద టూర్లలో పవర్ విభాగమే విడిగా ఉంటుంది. రోజూ ఎర్తింగ్ కొలిచి, సంతకం పెట్టాకే మిగతావాళ్లు ప్లగ్ పెడతారు.

గడియారం అందరికీ ఒకటే

ఎరాస్ షోలో అందరూ చెప్పుకున్న దృశ్యం ఒకటుంది. టేలర్ రన్‌వే చివర నిలబడి వేదికలోకి డైవ్ చేస్తుంది. ఆమె నీళ్లలో ఈదుకుంటూ పోతున్నట్టు నేల మీది ఎల్‌ఈడీ తెరల్లో బొమ్మ పరుగెడుతుంది. కాసేపటికి ఆమె ప్రధాన వేదిక మీద కొత్త దుస్తుల్లో లేస్తుంది. దూకిన క్షణం, కింద ఆమెను అందుకునే ఏర్పాటు, వీడియో, సంగీతం, లైట్లు ఇవన్నీ కలవాలి. దానికి ఇలాంటి షోలన్నిటిలో వాడేది టైమ్‌కోడ్. గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములతో నడిచే ఒకే గడియారం సిగ్నల్. సంగీతకారుల చెవిలో టిక్ టిక్ మని తాళం వినిపిస్తుంటే, లైటింగ్ కన్సోల్, వీడియో సర్వర్ ఆ గడియారాన్నే అనుసరిస్తాయి.

మనుషులను ఎత్తే లిఫ్టుల దగ్గర మాత్రం కంప్యూటర్‌కి పూర్తి పెత్తనం ఇవ్వరు. సర్వో మోటార్లు, ఎన్‌కోడర్లు, పీఎల్‌సీలు అన్నీ ఉంటాయి. కానీ ఒక ఆపరేటర్ మీటను నొక్కి పట్టుకుని ఉన్నంతసేపే లిఫ్టు కదులుతుంది. వేలు తీస్తే ఆగిపోతుంది. ఆ మనిషి కళ్లు స్క్రీన్ మీద కాదు, లిఫ్టు మీద ఉంటాయి. ఇంత చేసినా మొరాయించే రోజు వస్తుంది. 2024 జూన్ 30న డబ్లిన్‌లో టేలర్ నిలబడ్డ ప్లాట్‌ఫామ్ కిందికి దిగలేదు. పక్కనున్న డ్యాన్సర్ చెయ్యందించి దించాడు, షో సాగిపోయింది. ఆగిపోయిన యంత్రం సిగ్గుపడే విషయమే. కానీ కదలకూడనప్పుడు కదిలే యంత్రంతో పోలిస్తే అది వెయ్యి రెట్లు మేలు.

ఆపమనే హక్కు

ఇందాక ఇండియానా దగ్గర ఆగాను. దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 2023 మే 7న నాష్‌విల్‌లో జరిగింది. ఎరాస్ షో మొదలవ్వాల్సిన సమయానికి మెరుపులు. సుమారు నాలుగు గంటలు ఆపారు. అన్ని వేల మందిని సీట్ల నుంచి లోపలి నీడకు పంపించి, రాత్రి పది గంటల ప్రాంతంలో మొదలుపెట్టి, వానలోనే తెల్లవారుజామున ఒకటిన్నర వరకు పూర్తి షో చేశారు. ఆ నాలుగు గంటల్లో ‘ఇంకా ఎంతసేపు?’ అని అడగనివాళ్లు ఉండరు. అయినా ‘ఇంకా కాదు’ అని ఎవరో ఒకరు అనగలిగారు కాబట్టి అది జరిగింది.

అలాగని ఆ టూర్‌ని నెత్తిన పెట్టుకోవక్కర్లేదు. 2023 నవంబర్ 17న రియో డి జనీరోలో, వడగాడ్పుల మధ్య జరిగిన షోలో, ఎండదెబ్బకు ఒక యువతి ప్రాణం పోయింది. నీళ్ల సీసాలు లోపలికి రానివ్వలేదని అభిమానులు మండిపడ్డారు. మర్నాడు ప్రభుత్వం కలగజేసుకుని సీసాలు అనుమతించాలని ఆదేశించింది, ఆ రోజు షో వాయిదా పడింది. మిల్లీసెకన్లు లెక్కపెట్టే పరిశ్రమలో నీళ్లు లెక్కకు రాలేదు. మన పక్కన చెన్నైలో 2023 సెప్టెంబర్‌లో ఏఆర్ రెహమాన్ కచేరీకి టికెట్ కొన్నవాళ్లే లోపలికి వెళ్లలేక తొక్కిసలాటలో నలిగి వెనక్కి వచ్చారు. జనం ఎటునుంచి వస్తారు, నిమిషానికి ఎంతమంది ఒక గేటు దాటగలరు అన్నది కూడా ఇంజినీరింగే. సివిల్ చదివినవాళ్లు దీన్ని తమ పనిగా చూడాలని నా కోరిక.

మరి మనకు దారి ఎక్కడ?

2025 జనవరిలో కోల్డ్‌ప్లే నవీ ముంబయిలో మూడు, అహ్మదాబాద్‌లో రెండు షోలు చేసింది. ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. వారం తర్వాత బెంగళూరులో శిల్పారావుతో కలిసి మన ‘చుట్టమల్లే’ అందుకునేసరికి మన టైమ్‌లైన్లన్నీ నిండిపోయాయి. విదేశీ టూర్ వచ్చినప్పుడు కీలక ఇంజినీర్లు వాళ్లతోనే వస్తారు. కానీ ఉక్కు, జనరేటర్లు, కూలీలు, స్థానిక రిగ్గర్లు, సౌండ్ సహాయకులు ఇక్కడివాళ్లే. పైగా హైదరాబాద్‌లో ప్రీ రిలీజ్ ఫంక్షన్లకు లోటు లేదు. అక్కడ ట్రస్ ఎక్కుతున్నవాళ్లలో చాలామంది పని చూసి నేర్చుకున్నవాళ్లే, డిగ్రీ ఉన్నవాళ్లు తక్కువ. చేతిపని వాళ్ల దగ్గర నేర్చుకోండి, లెక్క మీరు తీసుకెళ్లండి. ‘నేను బీటెక్’ అని మొదటి రోజే చెప్తే మాత్రం కేబుల్ చుట్టడం కూడా ఎవరూ నేర్పరు. అన్నట్టు, కేబుల్ మెలిపడకుండా చుట్టడమే ఇక్కడ మొదటి పరీక్ష.

ఇంట్లో కూర్చుని ఖర్చు లేకుండా మొదలుపెట్టే మార్గాలున్నాయి. పెద్ద షోల లైటింగ్‌లో ఎక్కువగా కనిపించే గ్రాండ్‌ఎంఏ3 కన్సోల్ సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లో ఉచితంగా వేసుకోవచ్చు, లైట్లు ఎలా పడతాయో తెర మీదే చూపిస్తుంది. ఆడియోను నెట్‌వర్క్ మీద పంపే డాంటే పద్ధతికి మొదటి స్థాయి సర్టిఫికేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. నెట్‌వర్కింగ్ వచ్చిన సీఎస్‌ఈ వాళ్లకు అది రెండు రోజుల పని. ఎల్-అకౌస్టిక్స్ వాళ్ల సౌండ్‌విజన్‌లో స్టేడియం గీసి స్పీకర్లు వేలాడదీసి చూసుకోవచ్చు. మెకానికల్, ఈఈఈ వాళ్లకు పీఎల్‌సీ, సర్వో డ్రైవ్‌లు ఎలాగూ తెలిసినవే, ఫ్యాక్టరీ బదులు వేదిక అంతే. ముంబయిలో ఏటా జరిగే పామ్ ఎక్స్‌పోకి ఒకసారి వెళ్తే ఈ సామానంతా చేత్తో ముట్టుకుని చూడొచ్చు, కంపెనీల మనుషులూ దొరుకుతారు.

ఇక చేదు మాట. మన దగ్గర ఈ పనిలో ఎక్కువమందికి నెల జీతం ఉండదు, షోకి ఇంత అని కూలి. సీజన్‌లో నిద్ర ఉండదు, వానాకాలంలో పని ఉండదు. డబ్బులు రెండు మూడు నెలలు ఆలస్యమవ్వడం మామూలే. అమ్మాయిలు ట్రస్ ఎక్కుతామంటే ఇప్పటికీ వింతగా చూసే సైట్లున్నాయి. ఇంట్లో నాన్నకి ‘ఈవెంట్‌లో పని’ అని చెప్పగానే వచ్చే మౌనం సరేసరి. మొదటి ఏడాది దాటేందుకు కాస్త డబ్బు పక్కన పెట్టుకునే దిగండి.

చేరేటప్పుడు మాత్రం జీతం కంటే ముందు నాలుగు సంగతులు అడగండి. ఎత్తు ఎక్కేవాళ్లకు హార్నెస్ కంపెనీ ఇస్తుందా? ప్రమాద బీమా ఉందా, కాగితం చూపిస్తారా? వేదిక బరువు లెక్క మీద ఎవరు సంతకం పెడతారు? గాలి లేస్తే షో ఆపమని చెప్పే మనిషి ఎవరు, అతని ఫోన్ నంబర్ ఏది? చివరి ప్రశ్నకు ‘అప్పుడు చూసుకుందాంలే తమ్ముడూ’ అని జవాబొస్తే, ఇంకో కంపెనీ గేటు తట్టండి.